చెవిరాయి

రీసెర్చి సెక్షన్‌లో మూడో బల్ల.
ఫ్యాను గాలికి కాగితాలు లేవకుండా
సన్యాసిరావుగారు వాటి మీద శంఖం పెట్టుకున్నారు.
"ఏ కేటగిరీ అమ్మా మీరు?"

నంబరు చెప్పాను.
పచ్చ అట్ట రిజిస్టరు తీసి, వేలు తడుపుకుని,
"పైల హైమావతి, జంతుశాస్త్రం" అని చదివి
అక్కడ ఆగిపోయారు.
నా పేరుకెదురుగా ఫుల్‌టైమ్ అని ఉంది, కొట్టేసి ఉంది.
దాని నెత్తిన ఎర్రసిరాతో పార్ట్‌టైమ్.
పక్కనే పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం.
ఏడేళ్లలో యూనివర్సిటీ నా గురించి రాసుకున్నవాటిలో
నిజం చెప్పిందల్లా ఆ పెన్సిలే.

తెల్లారి నాలుగున్నరకి ఫిషింగ్ హార్బర్లో
ఈ ప్రశ్న ఎవరూ వెయ్యరు.
మసేనమ్మ గొరక తలలు నాకోసం వేరే సంచిలో ఉంచుతుంది.
"తలకాయలు సదివే గుంట వచ్చినాది" అంటుంది పక్కామెతో.
ఒక్కోరోజు డబ్బులొద్దంటుంది.
రేటు పడిపోయిన రోజు రెట్టింపు తీసుకుంటుంది.

తల చీలిస్తే, మెదడు కింద
రెండు చెవిరాళ్లు, శనగబద్దంతేసి.
అరగదీసి అద్దం కింద పెడితే వలయాలు.
మేత దొరికిన కాలం వెడల్పుగా,
దొరకని కాలం ఇరుగ్గా.
మన సముద్రం వెచ్చన కాబట్టి
గీతలంత తేటగా పడవు.
మూడుసార్లు లెక్కపెట్టాలి,
మూడూ కలిస్తేనే వయసు కింద రాసుకోవాలి.

నావి ఒక్కసారి కూడా కలవవు.

రెండేళ్లు ఫెలోషిప్పు, హాస్టల్లో ముప్పై ఒకటో గది,
రెండు నీళ్ల ట్యాంకుల సందులో జానెడు సముద్రం.
మూడో ఏడు జనవరి డబ్బులు ఆగస్టులో వచ్చాయి.
నాలుగో ఏడు గైడు రిటైరయ్యారు,
కొత్తాయనకి చేపలంటే పడదు, రొయ్యలాయన.
ఐదో ఏట గాజువాక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు పాఠాలు.
దాంతో పార్ట్‌టైమ్.
ఆ కాగితం వచ్చిన రోజే ఇంకో కాగితం,
పదిహేను రోజుల్లో గది ఖాళీ చెయ్యమని.
లైబ్రరీలో ఆరు పుస్తకాలు రెండయ్యాయి.
నాలుగు వెనక్కిస్తుంటే
ఏవి ఇవ్వాలో తేలక బల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

గాజువాకలో మేడమ్‌ని.
ల్యాబులో ఇంకా "ఏయ్ అమ్మాయ్"ని.
నాలుగొందల నంబరు బస్సులో కండక్టరు
పాసు మీద ఫోటోనీ నన్నూ మార్చి మార్చి చూసి
ఏమీ అనకుండా వెళ్లిపోతాడు,
అనేస్తే బాగుండనిపిస్తుంది.

"జూన్ నుంచి రెండు నెలలు
మీరు ఎక్కడా లేరమ్మా" అన్నారు సన్యాసిరావుగారు.
"ఫీజు కట్టలేదు. పొడిగింపు అడగలేదు.
అలాగని క్యాన్సిలూ అవలేదు."
కాలేజీ జీతం నాలుగు నెలలు రాలేదని చెప్పలేదు.
"ఆ రెండు నెలల్లో నూట పద్నాలుగు తలలు కోశానండీ" అన్నాను.
నా నోటంట అదే వచ్చింది.

ఆయన కళ్లజోడు తీశారు.
"చేపలకి చెవులుంటాయా?"
"బయటికి కనపడవండీ."
శంఖాన్ని అటూ ఇటూ తిప్పి, మళ్లీ కాగితాల మీదే పెట్టి,
"అపరాధ రుసుం కట్టండి. మిగతాది నే రాస్తాను.
బ్యాంకు రెండింటికి తెరుస్తారు" అన్నారు.
ఏం రాస్తారో అడగలేదు.

చలానా నింపుతుంటే
మణికట్టు నుంచి ఒక పొలుసు రాలి
మొత్తం రాసే గడిలో అంటుకుంది.
గోటితో గీకితే కాగితం కూడా కాస్త లేచింది.

రాత్రి ల్యాబులో నూట పదిహేనోది.
ఒకసారి లెక్కపెడితే మూడు, ఇంకోసారి రెండు,
తర్వాత మళ్లీ మూడు.
వయసు గడి ఖాళీగా వదిలేశాను.
పక్క గడిలో పెన్సిల్‌తో రాశాను:
అంచు మసగ్గా ఉంది.
పెరుగుతోంది.