తప్పొప్పుల పట్టిక

ఆవిడ పుస్తకాన్ని ఆరుసార్లు చదివాను నేను.
ఇష్టంతో కాదు, జీతానికి.
పిరాన్ రేవు వెనక, చేపల వాసన కిటికీలోంచి వచ్చి
ప్రూఫుల మీద కూర్చునే ప్రెస్సులో
కామాలు ఏరడం నా పని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.

డాక్టర్ మిలోయ్కా గ్రబెత్స్.
సెచొవ్ల్యె ఉప్పుమళ్ళ మీద ఇరవై ఆరేళ్ళ పని.
మా కంపోజిటర్ ద్రాగో నవ్వేవాడు:
"చిటికెడు వేస్తే అయిపోయేదానికి ఐదువందల పేజీలా?"

ఆవిడతో చదువుకున్నవాళ్ళు ల్యుబ్ల్యానాలో
కుర్చీలు ఎక్కారు, కమిటీలు ఎక్కారు,
ఒకాయన ఏకంగా టెలివిజన్ ఎక్కాడు.
ఆవిడ మాత్రం ఏటా ఏప్రిల్లో
రబ్బరు బూట్లేసుకుని పాడుబడ్డ గట్లెక్కేది,
సెలవు పెట్టి, సొంత డబ్బుతో.
తెల్లటి మరకల నోటుబుక్కులు అరవై మూడు.
లెక్కపెట్టింది నేనే.

పుస్తకం వచ్చింది. మూడువందల కాపీలు.
ఒకే ఒక్క సమీక్ష, పదకొండు వాక్యాలు,
అందులో రెండు సమీక్షకుడి సొంత పుస్తకం గురించి.

ఆ నవంబరులో, బుర్యా గాలి తలుపుల్ని తన్నుతుంటే
నల్లటి తలగుడ్డ కట్టుకున్న ముసలామె ప్రెస్సుకొచ్చింది.
పేరు ఒలీవా. చదువు రాదు. మనవడు చదివి వినిపించాడట.
"నూటనలభై మూడో పేజీ రాసినామె ఎక్కడ?"

నూటనలభై మూడో పేజీ నాకు కంఠతా వచ్చు:
'మళ్ళలో ఉప్పు లాగినవారు మగవారే.
ఆడవారు వంటకూ మూటలకూ సాయపడేవారు.'
కింద, చీమతలంత అక్షరాల్లో, ఆధారం:
కంపెనీ జీతాల రిజిస్టర్లు, ఏడు సంపుటాలు.

మిలోయ్కాని పిలిపించాం.
ముసలామె వాదించలేదు.
రెండు అరచేతులూ నా ప్రూఫుల మీద వెల్లకిలా పెట్టింది.
పగుళ్ళు. పగుళ్ళలో తెలుపు.
"జీతం మా ఆయన పేర పడేది" అంది,
"ఉప్పు లాగే పలక నా చేతిలో ఉండేది."

ఆ చేతులు పట్టిన పలక అదొక్కటే.

మిలోయ్కా చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత నాతో అంది:
ప్రతి ఇంటి తలుపూ ఆడవాళ్ళే తీశారు,
ప్రతి గుమ్మంలోనూ నేను అడిగిన మొదటి మాట
"మీ ఆయన ఉన్నారా?"

తప్పొప్పుల చీటీ వెయ్యమంది.
పేజీ నంబరు తప్పితే వేస్తాం,
చరిత్ర తప్పితే వెయ్యం, అని
డైరెక్టరు అనలేదు గానీ, అన్నది మాత్రం అదే.

అందుకని మళ్ళీ బూట్లేసుకుంది.
చలికాలమంతా ఇల్లిల్లూ తిరిగి పేర్లు పోగేసింది,
నూటపద్దెనిమిది పేర్లు.
రాత్రిళ్ళు నేనూ ద్రాగో దొంగచాటుగా అచ్చేశాం.
ఆ తర్వాత వాడు ఉప్పు మాటెత్తి నవ్వలేదు.
కొపెర్, గోరిత్స, త్రియెస్తె,
సంచిలో జిగురు సీసాతో బస్సులు మారి
కాపీ ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి, చీటీ అంటించి వచ్చింది.
ఒకచోట పుస్తకం పాడుచేసిందని జరిమానా వేశారు.
రసీదు జాగ్రత్తగా దాచుకుంది.

ప్రొఫెసరు పదవి ఆ ఏడూ రాలేదు. ఏ ఏడూ రాలేదు.

ఆవిడ పోయి పదేళ్ళు.
నిన్న కొపెర్ లైబ్రరీలో ఆ పుస్తకం తీశాను.
చీటీ పసుపెక్కింది, అంచులు లేచాయి,
జిగురు ఇంకా పట్టు వదల్లేదు.
అలవాటు కొద్దీ వేలు పెట్టి చదివాను, ఒక్కొక్క పేరూ.
చివరి వరసలో, ఒలీవా ఇంటిపేరులో
ఒక అక్షరం లేదు.
ప్రూఫు చూసింది నేనే.

జేబులో పెన్సిలుంది.
కౌంటరు దగ్గరి అమ్మాయి అటు తిరిగింది.
రాసేశాను.

ఇంకా రెండువందల తొంభైతొమ్మిది ఉన్నాయి.
త్రియెస్తె బస్సు ఏడింటికి.