సుద్ద

పీపా మూత తీస్తే ఎరుపేమీ కనబడదు.
తడి పసుపు ముద్ద,
నిలవున్న ఆవపిండిలా, కాస్త మురికిగా.
రైన్ నది ఒడ్డునుంచి ఓడెక్కి
స్కాట్లండ్‌లో ఈ లెవెన్ లోయకి వచ్చింది.
బొగ్గు కక్కిన తారులోంచి
ఎవరో ఓపిగ్గా దేవి తీసిన పసుపు.

ఎఫీ గాల్‌బ్రెయిత్‌కి చదువు తక్కువే.
అయినా పరీక్షగది గోడమీద
కంపెనీవాళ్ళు అంటించిన బొమ్మ తెలుసు:
వరసగా మూడు ఆరుమూలల గదులు,
నడిమి గదికి పైనొక కిటికీ, కిందొక కిటికీ,
చివరి గది గోడలోంచి
పక్కపక్కనే చాచిన రెండు చేతులు.
పట్టుకోడానికి ఏమీ దొరకనంతసేపూ
ఆ చేతులు ఉత్త పసుపు.

ఇనుము దొరికితే ఊదా.
క్రోమియమైతే ముదురు వక్కరంగు.
పటిక దొరికితేనే
ఆగండి, అంత సులువా?

ముందు ఆముదం.
గంధకామ్లం పోసి లొంగదీసిన ఆముదం
నూలు పోగుపోగుకీ ఇంకాలి, ఆరాలి.
తర్వాత పటిక.
తర్వాత ఆవుపేడ కలిపిన గోరువెచ్చని నీళ్ళు
(డగల్డ్ మేస్త్రీ ఇక్కడ తప్పకుండా నవ్వుతాడు:
దొరసానుల పడగ్గది తెరలన్నీ
పేడలో మునిగి లేచినవేనంటాడు).
అప్పుడు రంగుతొట్టి. సన్నటి సెగ. తొందర పనికిరాదు.

మార్చి నెలలో ఒక మంగళవారం
గుడ్డ పండలేదు.
నలభై గజాలు. కాచినకొద్దీ
ఇటుకపొడి, తుప్పు, ఎండిన నారింజతొక్క.
డగల్డ్ పీపాని తన్నాడు.
జర్మనులని తిట్టాడు, పటికని తిట్టాడు,
ఆముదం గింజలు పండించినవాణ్ణి కూడా వదల్లేదు.
వాటీ, పన్నెండేళ్ళవాడు,
తలుపు మూల నిలబడి
నేలకేసి చూస్తున్నాడు.

ఎఫీ తొట్టి పక్కన కుళాయి తిప్పి
నాలుగు చుక్కలు నాలిక్కి రాసుకుంది.
పై సరస్సునుంచి
గట్టి రాళ్ళమీదుగా దిగొచ్చే నీళ్ళు,
దారిలో దేన్నీ కరిగించుకోని నీళ్ళు.
ఎముక లేని నీళ్ళు.

ఆకూ వక్కా ఎంత నమిలినా
సున్నం లేందే నోరు పండదని
మనవైపు ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది.
ఎఫీకి చెప్పే ముసలమ్మ లేదు.
మెట్లకింద సుద్దబస్తా
మూతికుట్టు విప్పకుండా అలాగే ఉండటం
చూసింది, అంతే.

ఏమీ మాట్లాడలేదు.
గుడ్డలమీద నంబర్లు వేసే సుద్దముక్క
ఏప్రన్ జేబులోంచి తీసి
చెంచా వెనకతో నూరి
చిన్న గిన్నెలో, ఒక్క పీలిక ముంచి, పొయ్యిమీద పెట్టింది.
అల్యూమినియం ఒక పక్క పట్టుకుంది,
కాల్షియం ఇంకో పక్క.
మొదట అంచులు.
తర్వాత మధ్య.
తర్వాత గదిలో ఇంకే రంగూ లేనంత ఎరుపు.

డగల్డ్ పీలికని దీపం దగ్గర చాలాసేపు పట్టుకున్నాడు.
"సుద్ద మరిచిందెవరు?"
"నేనే."
సగం రోజు కూలి కోశాడు.
వాటీ ముక్కు తుడుచుకుని బస్తా లాక్కొచ్చాడు.

శనివారం రాత్రి సోడాతో చేతులు కడుక్కుంటే
గోళ్ళకింది పసుపు
ఎప్పట్లాగే ఊదాకి తిరిగింది.
ఎంత తోమితే అంత చిక్కగా.
మర్నాడు ప్రార్థన పుస్తకం మీద
ఆ వేళ్ళు చూసి
పాదరీగారి భార్య వంగి, నెమ్మదిగా:
"మార్చిలో నీకు బ్లేబెర్రీలెక్కడివమ్మా?"