జనవరి ఒకటి

సోహార్ క్యాంపు, ఆరో నంబరు గది.
డ్యూటీ దిగి, కాళ్లన్న కడుక్కోకుండ
ఇన్సూరెన్స్ ఫారం పట్టుకొని
నా మంచం మీద కూసున్నడు పోశెట్టి.
ఈ గదిల ఇంగ్లీషు చదివేటోణ్ణి నేనొక్కణ్ణే.

పొగ తాగుతవా అని అడుగుతున్నది కాయితం.
"బీడీ గూడ పొగ కిందికే వస్తదా?"
పెండ్లాం చుట్టినయే, సబ్బుడబ్బాల దాచుకున్నడు.
దినాం రెండు. శుక్రవారమైతే మూడు.

షుగరు?
ఏజెంటు ముందే పెన్సిల్‌తోని గీకి పంపిండు, లేదని.
పోశెట్టి నన్ను చూసిండు.
నేను దిండు కింది గోలీల పట్టీని చూసిన.

రబ్బరుతోని తుడిచిన.
"కిస్తు పెరుగుతది మరి."
"పెరగనీ. భూమేశ్ గూడ లేదనే రాయించిండు.
ఆయన పోయినంక ఇంటామెకు పైసా రాలే.
సచ్చినోడు లేచొచ్చి సర్ది చెప్పుకుంటడా?"

చెయ్యి విరిగిన సంగతి రాసినం,
పరంజ మీదికెల్లి పడ్డది.
గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచిన.

పుట్టిన తేదీ కాడ ఆగినం.
పాస్‌పోర్టుల జనవరి ఒకటి.
నాదీ గదే. ఈ గదిల ఎనమండ్రం
ఒక్కనాడే పుట్టినం,
మెట్‌పల్లి దుకాణంల కూసోని
వీసా ఏజెంటు కన్నడు మమ్మల్ని.

"అసలెప్పుడు పుట్టినవే?"
"మక్కకంకులు ఇరిసేటప్పుడంటది అవ్వ.
ముసురు పట్టి ఉండెనట."

గడిల అంకెలే పడుతయి.
జనవరి ఒకటే రాసిన, మనసొప్పక
కింద ఖాళీ గీత మీద ఇంకో ముక్క రాసిన:
వానాకాలం. తేదీ తెలువదు.

సంతకం పెట్టి, బీడీ ముట్టించుకుంట
బైటికి పోయిండు పోశెట్టి.
ఇయ్యాలటికి అది మూడోది.
బుధవారమే ఇంకా.