కొటేషన్‌లో లేనిది

కొత్తపేట సందులో మా డే-కేర్ సెంటర్.
పొద్దున ఆపరేషన్, సాయంత్రానికి ఇల్లు,
అదీ బోర్డు మీద మాట.
మేకు సరిగ్గా ఎముకలో దిగిందో లేదో చూడాలంటే మాత్రం
ఇన్నాళ్లూ పక్క ఆసుపత్రి గుమ్మమే దిక్కు.

ఇవాళ సీ-ఆర్మ్ వచ్చింది, డెమోకి.
లిఫ్టులో పట్టలేదు.
ర్యాంపు మీద నలుగురం తోస్తుంటే
మెడ వంచిన కొంగలా ఊగి ఊగి
థియేటర్ తలుపులో
రెండు వేళ్ల సందుతో దూరింది.

కంపెనీ కుర్రాడు డిటెక్టర్ గురించి చెబుతూనే ఉన్నాడు.
డాక్టర్ హిమకర్ గారి వేలు
కాగితం అడుగున అంకె మీదే ఉంది:
నలభై రెండు లక్షలు.
వాళ్ల నాన్న మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి.
టిక్కీ కోసి గుప్పెడు కాయ తీసి
చెవి దగ్గర గలగలలాడించి ధర కట్టేవాడట.
ఆ చెయ్యే ఇది.

"ఏదన్నా పెట్టి చూపించు" అన్నారు.
క్యాంటీన్ నుంచి ఎండుమిరపకాయ తెచ్చాను.
తెర మీద తొక్క మాయమై
గింజలు మిగిలాయి, బూడిదరంగు చుక్కలు.
"ఇది అప్పుడే ఉంటే
మా నాన్న ఒక్క తాలుకాయకీ మోసపోయేవాడు కాదు."
నవ్వాం.

తడిగుడ్డతో వచ్చిన దీవెనమ్మ
"నాదీ చూపించదా?" అని చెయ్యి పెట్టేసింది.
వద్దని నేను అరిచేలోపే
కుర్రాడి కాలు పెడల్ మీద పడింది.

కుడి మణికట్టు.
రెండు ఎముకలు ఒకదాని మీదొకటి ఎక్కి
అడ్డదిడ్డంగా అతుక్కుపోయి ఉన్నాయి.

"పదమూడేళ్లప్పుడు చేలో గట్టు మీంచి పడ్డా.
వెదురుబద్దలు పెట్టి కట్టారు.
తగ్గిపోయిందిగా."

ఆరేళ్లుగా ఎడంచేత్తోనే బక్కెట్టు మోస్తుంటే
పుర్రచెయ్యి అనుకున్నాం.
ఎముకల డాక్టరూ అనుకున్నాడు,
ఎక్స్‌రేలు తీసే నేనూ అనుకున్నాను.

తెర మీద ఆ చెయ్యి అలాగే ఆగి ఉంది.
ఎవరూ తుడిపెయ్యమనలేదు.

బేరం ఆగలేదు లెండి.
రెండు లక్షలు తగ్గించమన్నారు, ఒకటిన్నర తగ్గింది.
"సీసం ఏప్రాన్లు ఎన్ని?"
"మూడు సార్."
"నాలుగు. ఒకటి పొట్టి మనిషికి."
కొటేషన్ అంచున పెన్నుతో రాశాను.

దీవెనమ్మ ఒకటి ఎత్తి చూసి కింద పెట్టింది.
"ఇంత బరువు కట్టుకుని నేల తుడవాలా నేను?"

అని, ర్యాంపు మీద చక్రాల మరకలు
కింద నుంచి పైకి తుడుచుకుంటూ వచ్చింది,
ఎడంచేత్తో.