వంద కౌంటు

జువ్వలపాలెం రోడ్డులో, రొయ్యల మేత కొట్టు మీది అంతస్తులో
పిజ్జాల హోటలు పెట్టి మూణ్ణెల్లయింది.
బోనసు చేతికొచ్చిన శనివారం వెళ్ళాం:
నేనూ, ఎస్తేరూ, కనకరత్నం,
కనకరత్నం తోటికోడలు మంగతాయీ.
మెట్లెక్కే ముందు ఆగి
ఒకరి చేతులు ఒకరం వాసన చూసుకున్నాం.
నిమ్మచెక్క రుద్దినా, బట్టల సబ్బు రుద్దినా
గోళ్ళ కింద రొయ్య రొయ్యే.
"యనమదుర్రు కాలవ దాటొచ్చాం కదా,
ఆ కంపులో మనదేం తెలుస్తుందిలే" అంది ఎస్తేరు.

తలుపు తీయగానే చలి.
షెడ్డులో చలే ఇది,
కాకపోతే ఇక్కడ కూర్చోవచ్చు.
మంగతాయి అలవాటుగా కొంగు చెవుల మీదికి లాక్కుంది.

ఎర్రటోపీ కుర్రాడొచ్చాడు. జేబు మీద పేరు, లోవరాజు.
తునివైపు పిల్లాడు గాబోలు.
"చెప్పండి మేడమ్" అన్నాడు.
మేం నలుగురం వెనక్కి తిరిగి చూశాం,
మేడమ్ ఎవరొచ్చారా అని.

అట్టలో ధరలు కనకరత్నం చదివింది,
బొమ్మలు నేను చదివాను.
కోడిది ఉంది, పుట్టగొడుగులది ఉంది,
గోదావరి జంబో రొయ్యది ఉంది, ఐదువందల నలభై తొమ్మిది.
"రోజూ చూసేదేగా, దానికి డబ్బులెందుకే?"
చూడ్డం వేరు, అన్నాను.
పంతొమ్మిదేళ్ళుగా ఒలుస్తున్నాను.
తినేవాళ్ళ ముందు అదెలా కూర్చుంటుందో
ఒక్కసారీ చూళ్ళేదు.

ముప్పావుగంట.
నీళ్ళు రెండుసార్లు పోశాడు,
రెండుసార్లూ సారీ చెప్పాడు.
మా తర్వాతొచ్చిన చెరువులాయన కుటుంబానికి
మాకంటే ముందు పళ్ళేలొచ్చాయి.
లోవరాజు మావైపు చూసి తలదించుకున్నాడు.
ఐసు ముందెవరికి పొయ్యాలో సూపర్‌వైజరు చెప్పినప్పుడు
ఐసు మోసే పిల్లాడు
మిగతావాళ్ళని చూసే చూపు అది.

వచ్చింది, చెక్క మీద, పొగలు కక్కుతూ.
చీజు సాగుతుంటే మంగతాయి బంకనుకుని వేలితో తెంపింది.
నవ్వాం.
తర్వాత మాకూ తెంపక తప్పలేదు.
అంచు మటుకు బావుంది,
దిబ్బరొట్టె అడుగులా కరకరమని.

రొయ్యలు ఏడు.
నేను లెక్కపెట్టలేదు, వేళ్ళే లెక్కపెట్టాయి.
జంబో కాదు, వంద కౌంటు,
కిలోకి వంద తూగే పిల్లసరుకు.
"ముప్పై కౌంటైతే ఇలా ఉంగరంలా ముడుచుకోదు"
నోట్లో పెట్టకుండానే చెప్పేసింది ఎస్తేరు.
రెండింటికి వెన్నులో నల్లగా నరం.
మా దగ్గరైతే ఆ ట్రే వెనక్కొస్తుంది,
ఆ పూట కూలిలో కోత కూడా.

"బాబూ, ఇవి ఒలిచిందెవరు?"
లోవరాజు వెళ్ళి మేనేజర్ని తెచ్చాడు.
"సీలు పాకెట్లో వస్తుందమ్మా సరుకు.
మేం చెయ్యి కూడా పెట్టం."
ఏ కంపెనీ, అంది కనకరత్నం.
చెప్పాడు.
మా గేటు మీదుండే పేరే.

ఎవరం మాట్లాడలేదు.
ఏ రోజుదో.
ఆ రోజు ఎవరికి జ్వరమో,
ఎవరి వేళ్ళు ఐసుకి మొద్దుబారాయో,
ట్యూబులైటు ఆరుతూ వెలుగుతూ ఉండే మూల
ఎవరి వంతో.
మంగతాయి చేతులు బల్ల కిందికి పోయాయి.

బిల్లుతోపాటు ఓ కాగితం, దారం కట్టిన పెన్ను.
రుచికి ఐదు చుక్కలు, సర్వీసుకి ఐదు చుక్కలు,
నచ్చినన్ని దిద్దమన్నాడు.
రోజూ మా పేర్ల పక్కన ఎవరో టిక్కులు పెడతారు.
పెన్ను ఇటు తిరగడం ఇదే.
సర్వీసు దగ్గర ఐదూ దిద్దాను, కాగితం చిరిగేలా.
రుచి దగ్గర చెయ్యి ఆగింది.
"ఒకటి చాలు. డబ్బులు పెట్టాం" అంది ఎస్తేరు.
మూడు దిద్దాను.
కింద చిన్నక్షరాలతో రాశాను:
నరం తీయించండి. వెలుతురుంటే తీస్తారు.

చెక్క మీద ఒకటి మిగిలింది, నల్లనరంది.
మంగతాయి దాన్ని తీసుకుని
బొటనవేలి గోరుతో ఒక్క లాగు లాగింది.
తెగకుండా వచ్చింది.
కాగితపు రుమాలు మీద దాన్ని చాపి పెట్టి,
రొయ్య నోట్లో వేసుకుంది.