మూడో కూత

నిమిషం యాభై రెండు సెకన్లు.
అంతే నాకిచ్చిన జాగా.
గంటా నలభై నిమిషాల సినిమాని అందులో కుక్కమంటే కుక్కగలను,
కానీ లోర్నా పెట్రోస్యాన్ నా కుర్చీ వెనక నిలబడి
చల్లారిన కాఫీ చప్పరిస్తూ
వారం రోజులుగా ఒకటే మాట:
"చెప్పేశావు. చెప్పకు."

బర్బాంక్‌లో, పరుపుల దుకాణం పై అంతస్తులో
కిటికీ లేని గది మాది.
కింద జనం పడుకుని చూసి మరీ నిద్రను కొనుక్కుంటారు.
పైన మేం దాన్ని చెడగొట్టే పనిలో ఉంటాం.

మొదట ఎండ చూపించాలి.
కారులో కుటుంబం. వెనక సీట్లో పిల్ల
అద్దం మీద ఊపిరి ఊది వేలితో బొమ్మ గీస్తుంది.
ఇల్లు బాగుందే, అంటారెవరో.
భయం సామాన్లు దించేటప్పుడే లోపలికొస్తుంది,
ఎవరూ లెక్కపెట్టుకోని అట్టపెట్టెలా.

తర్వాత ఒక తలుపు.
తెరిచిందీ కాదు, మూసిందీ కాదు.
రెండు వేళ్ళ సందు చాలు,
చూసేవాళ్ళు తలా ఒక దయ్యాన్ని తెచ్చి
అందులో కూర్చోబెడతారు, పైసా ఖర్చు లేకుండా.
సినిమాలో ఉన్న దయ్యానికి
మేకప్‌కే ఆరు గంటలు పట్టిందట.
దాన్ని తీసి పక్కన పెట్టాను.
లోర్నా మొదటిసారి తలూపింది.

శబ్దం దగ్గరే చిక్కు.
కొన్న శబ్దాలన్నీ ఒక్కలాంటివే:
ఇనుము ఒరిపిడి, ఫిడేలు గీత, ఎవరిదో గుండె.
విని విని చెవులు తుప్పుపట్టాయి.
ఒక ఆదివారం ఫోన్‌ని స్టవ్ పక్కన పెట్టి
కుక్కర్ కూత పట్టుకున్నాను.
కందిపప్పు, రెండు టమాటాలు.
ఎనిమిదో వంతు వేగానికి సాగదీస్తే
అదిక కూత కాదు.
గొంతు అరువు తెచ్చుకున్నదేదో
మన పేరు పలకడం నేర్చుకుంటున్నట్టుంది.
లోర్నా ముంజేతి మీద రోమాలు లేచాయి.
"ఏమిటది?"
"భోజనం," అన్నాను.

ఒకటి. పిల్ల పెన్సిల్ కింద పెట్టింది.
రెండు. పిల్ల తల తిప్పింది.

మా ఇళ్ళలో ఎవరినైనా అడగండి,
రెండో కూతకీ మూడో కూతకీ మధ్య
వంటింట్లో ఎవరూ స్థిమితంగా ఉండరు.
స్టవ్ కట్టాల్సిన చెయ్యి గాల్లో,
చెబుతున్న మాట సగంలో,
వెయిట్ కాస్త కదిలి, ఇస్సుమని,
మళ్ళీ ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది.

అక్కడ కోశాను.
నలుపు. ఇరవై ఆరు ఫ్రేములు. శబ్దం సున్నా.
మూడోది ఇవ్వలేదు.

గురువారం షెర్మన్ ఓక్స్‌లో
ముప్ఫై నలుగురి మీద పరీక్ష.
తెరకి వీపు పెట్టి మొహాలు చూడటం నా పని.
పాప్‌కార్న్ పట్టిన చెయ్యి డబ్బాకీ నోటికీ మధ్య దారి మర్చిపోయింది.
పోస్టాఫీసు చొక్కాతోనే వచ్చేసిన పెద్దాయన
పక్క సీట్లో పరాయి మనిషి మోచెయ్యి పట్టుకున్నాడు.
ఆవిడ విడిపించుకోలేదు.
మొహం మూసుకున్న ఒక అమ్మాయి మాత్రం
సరిగ్గా రెండు వేళ్ళ సందు వదిలింది,
నా తలుపు కొలత తెలిసినట్టే.
ఎవరూ అరవలేదు.
అరిస్తే తేలికపడతారు.
తేలికపడ్డవాడు టికెట్ కొనడు.

అభిప్రాయాల కాగితం మీద ఒకరు రాశారు:
"నాకేమీ కనబడలేదు. ఇప్పుడు కారు దాకా ఎలా వెళ్ళాలి?"
లోర్నా దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది.

రాత్రి పదిన్నరకి ఇల్లు చేరి
కుక్కర్ పెట్టాను.
నలుపుకి ఎన్ని ఫ్రేములో తెలిసినదాన్ని,
ఆ కూతని ముక్కలు కోసినదాన్ని,
అయినా నా చెయ్యి గాల్లోనే ఉంది.
గదిలోంచి విహారి కేకేశాడు:
"ఎన్నయ్యాయి?"

"రెండు," అన్నాను,
ఎందుకో గొంతు తగ్గించి.