సున్నా ఎక్కడ పెట్టాలి

సఖినేటిపల్లి రేవు మెట్ల కాడ
గోదారి ఎంత లోతని అడిగితే
ప్రభుదాసు తొడ లోతన్నాడు,
ఏడుకొండలు మోకాలి లోతన్నాడు.
ఇద్దరూ ఒకే మెట్టు మీద నిలబడే చెప్పారు.
నూకరత్నం టీచర్ నవ్వలేదు.
"గోదారి ఎవరి కాలు చూసి పారుతుందర్రా?" అంది.

ఆ సాయంత్రమే తొమ్మిదో తరగతంతా
గాదంశెట్టి వారి బట్టల కొట్టు మీద పడ్డాం.
ఇనప బద్ద కావాలి.
పేరుకి గజంబద్ద, ఒళ్ళంతా మీటరు,
చివర సర్కారు ముద్ర.
జాకెట్టు ముక్కకి వేలెడు ఎక్కువివ్వని శెట్టిగారు
బద్ద ఇచ్చారు గానీ
బద్దతో పాటు తనూ వచ్చారు.

సరుగుడు కర్ర చెక్కి,
నావలకేయగా మిగిలిన నీలం రంగు అడిగి తెచ్చి
సెంటీమీటరుకో గీత, పదికో పొడుగు గీత,
వంద దగ్గర మాత్రం ఎరుపు.
సున్నా ఎక్కడ పెట్టాలన్న దాని మీద
పొద్దుగూకేదాకా తగువు.
మొదలు కుదరకపోతే
ఎంత కొలిచినా అవి ఉత్త అంకెలేనట.
చివరికి, పాటులో కూడా మునిగుండే
అడుగు మెట్టు అంచుకి కట్టాం.

నిలబడి చూస్తే నలభై మూడు.
బోర్లా పడుకుని గడ్డం నీళ్ళకానించి చూస్తే
నలభై ఒకటిన్నర.
అల లేచినప్పుడొకటి, జారినప్పుడొకటి,
రెంటికీ నడిమిది పుస్తకంలో.
గౌనంతా బురద. ఇంట్లో తిట్లు
ఏ కొలతకీ అందలేదు.

వలలు బాగుచేసే ఓలేటి పోలమ్మ మామ్మ
మా కర్ర కేసి చూసి
"పోటు రోజుకి రెండు గడియలు ఆలస్యం,
దానికింత హడావిడా" అంది.
గడియకి ఇరవై నాలుగు నిమిషాలు.
అమావాస్య నుంచి పద్నాలుగు రోజులు
నీరు పెరగడం ఆగే క్షణం కోసం
వంతులేసుకుని కాచాం.
సగటున యాభై నిమిషాలు తేలింది.
మామ్మ లెక్క నలభై ఎనిమిది.
ఆవిడకి గడియారం లేదు,
ఆకలేసే వేళలు ఉన్నాయి.
ఆ రెండు నిమిషాలూ ఎవరి తప్పో
ఎవరం అడగలేదు.

పున్నమి నాడు నా వంతు.
నీళ్ళు ఎర్ర గీత దాటాలి.
ఎనభై ఏడు దగ్గర ఆగిపోయాయి.
ఎవరూ చూడట్లేదు కదాని
నూట ఒకటి అని రాసేశాను.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
పొద్దున్నే రబ్బరు తీస్తే
టీచర్ చెయ్యి పట్టుకుంది.
"చెరపకు. ఒక్క గీత కొట్టు.
కింద అబద్ధం కూడా కనపడాలి."

ఎవరో కర్రకి పడవ కట్టి పైకి లాగారేమోనన్నాడు ప్రభుదాసు.
దిగి చూశాం. సున్నా మెట్టు అంచునే ఉంది.
పడమటి గాలి నీటిని వెనక్కి తోసిందేమో,
ధవళేశ్వరంలో తలుపులు దించారేమో.
ఆ రోజు గాలి మేం రాసుకోలేదు.
పుస్తకంలో ఎనభై ఏడు పక్కన
"ఎందుకో తెలీదు" అని రాసి
సంతకం పెట్టమంది టీచర్.
అంతవరకూ నా పేరు
నేను అంత జాగ్రత్తగా రాసిందే లేదు.

ఇవాళ మళ్ళీ పున్నమి.
జేబు రుమాలొకటి పుల్లకి కట్టాం, గాలి కోసం.
మామ్మ పైమెట్టు మీద కూచుని
"ఎంతుందే?" అంటోంది.
"మోకాలి లోతు" అన్నాను ఆటపట్టిద్దామని.
"ఎవరి మోకాలే?" అంది.

గడ్డానికి నీళ్ళు చల్లగా తగిలాయి.
అల ఇంకా జారలేదు.